గంప కింద గవర్నమెంటు

కోడికి కూడా మనసుంటుందన్న సంగతి ప్రభుత్వానికి కాస్త ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మాత్రం ఒక్క పూట కూడా ఊరుకోలేదు.

రాజధానిలో ఒక పెద్ద అధికారి ఏదో చలిదేశం చూడబోయాడు. అక్కడ ఒక ముసలావిడ కోడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీవీ చూడటం ఆయన కళ్ళారా చూశాడు. కోడి కూడా టీవీ చూస్తోంది. ఆయన మనసు కరిగి నీరైపోయింది. మన కోళ్ళకు ఈ యోగం ఏదీ అని తిరుగు విమానంలో బెంగపెట్టుకున్నాడు. విమానంలో ఆయనకు వడ్డించింది కోడికూరే. ఆ కోడి ఎవరి ఒళ్ళో పెరిగిందో వడ్డించినవాళ్ళు చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆయన దిగిన కొద్ది రోజులకే కుక్కుట ఆప్యాయతా సంచాలక కార్యాలయం వెలిసింది. దానికి ఆయనే సంచాలకులు. శాఖ చేసిన మొదటి పని, ఉన్న బోర్డు మీద తన పేరు పట్టలేదని ఇంకా పొడుగు బోర్డు చేయించుకోవడం. రెండో పని ఉత్తర్వు వెయ్యడం.

"యజమాని నివసించు చోటికి దూరముగా వేరొక స్థలములో పెంచబడు కోళ్ళు అనాథలుగా పరిగణించబడును. అట్టి కోళ్ళను ప్రభుత్వము తన అక్కున చేర్చుకొనును."

అక్కున చేర్చుకోవడమంటే వ్యాను తెచ్చి పట్టుకుపోవడం.

ఈ ఉత్తర్వు మామిడిమెట్ట చేరేసరికి వరహాలమ్మ తన కోళ్ళకు నూకలు జల్లుతోంది. ఆ టౌన్లో ఆమెకూ మొగుడు గురునాయుడికీ ఒకప్పుడు పెరడున్న ఇల్లుండేది. పెరట్లో కోళ్ళుండేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పెరడూ ఇల్లూ రోడ్డు కిందికి వెళ్ళిపోతే, వచ్చిన పరిహారంతో ఒక అపార్ట్‌మెంటులో రెండో అంతస్తున వాటా కొనుక్కున్నారు. మిగిలినదానితో ఊరి బయట వెన్నెల ఎన్‌క్లేవ్‌లో చిన్న సైటు తీసుకున్నారు. ఎన్‌క్లేవ్ అంటే పెద్ద ఆర్చీ ఒకటి, లోపల హద్దురాళ్ళు. ఇళ్ళు ఇంకా ఎవరూ కట్టలేదు. అపార్ట్‌మెంటులోకి కోళ్ళను రానివ్వరు గనక వరహాలమ్మ సైటులో గూడు కట్టించింది. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి వచ్చి గూడు తలుపు తీస్తుంది. పొద్దుగూకే వేళ మళ్ళీ వచ్చి, అన్నీ ఎక్కాయో లేదో చూసి, ముంగిస దూరకుండా తలుపు వేసి వెళుతుంది. ఆ రెండు పూటలూ ఆమెకు పోయిన ఇల్లు తిరిగి వచ్చినట్టుండేది. మిగతా రోజంతా రెండో అంతస్తులో పొరుగింటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది.

ఆ కోళ్ళలో మాసిన రంగుది, మైలపెట్ట, అప్పుడే పొదగడానికి గుడ్లమీద కూర్చుంది. అంతకు ముందొకసారి కూర్చుంటే వానకు గూడు తడిసి గుడ్లన్నీ మురిగిపోయాయి. పెట్ట ఆ మురిగిన గుడ్లను వదలనని మొండికేసి, మేత మానేసి చిక్కి సగమైంది. అది చూసి వరహాలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈసారి ఎలాగైనా పిల్లలు దిగాలని ఆమె ఆశ. ఆమెకున్న ఆశల్లో ప్రస్తుతానికి అదొక్కటే పెద్దది.

సరిగ్గా ఆ సమయంలో ఆర్చీ కిందనుంచి ఒక జీపు వచ్చింది. అందులోంచి ఆప్యాయతా తనిఖీ అధికారి చక్రధరరావు దిగాడు. నలభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. గూటి ముందు వంగి లోపలికి చూసి, మైలపెట్టకు నమస్కారం పెట్టబోయి ఆగాడు.

"ఈ కోళ్ళ యజమాని ఎవరు?"

"నానే బాబూ."

"తమరి నివాసం?"

"టౌన్లోనండి. రెండో అంతస్తు."

"అనగా, రాత్రి వేళ ఈ జీవులు కళ్ళు తెరిచి చూస్తే తమరు కనిపించరు."

"రాత్రేళ కోడికి ఏటీ అగుపడదు బాబూ. నానున్నా అగుపడను."

చక్రధరరావు ఫైలు తెరిచాడు. "కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. శాఖవారి ఆందోళన రెండోదాని గురించి." ఆ మీదట గొంతు సవరించుకున్నాడు. "తమరికి మూడు మార్గాలు కలవు. కోళ్ళు తమరి వద్దకు రావలెను. లేదా తమరు కోళ్ళ వద్దకు రావలెను. లేదా మేము వస్తాము."

"మీరొచ్చి ఏటి సేత్తారు?"

"జిల్లా ఆప్యాయతా కేంద్రానికి తరలిస్తాము. అక్కడ కోళ్ళను నిమరడానికి షిఫ్టులవారీగా సిబ్బంది ఉంటారు. ప్రస్తుతం నిమిరే పోస్టులు భర్తీ కాలేదు. అంతదాకా కోళ్ళు వరండాలో సంచాలకులవారి ఫోటో ఎదురుగా ఉంటాయి."

వరహాలమ్మ గూటికి అడ్డంగా నిలబడింది. "గుడ్లమీద కూకున్న పెట్ట ఉన్నాది బాబూ. ఇప్పుడు కదిపితే గుడ్లు మురిగిపోతాయి."

"గుడ్లు ఇంకా శాఖ పరిధిలోకి రాలేదమ్మా. పగిలిన తరవాత వస్తాయి."

మొదటి మార్గం గురించి వరహాలమ్మ అపార్ట్‌మెంటు సెక్రటరీని అడిగి చూసింది. ఆయన సానుభూతితో తలూపి, కోళ్ళు లిఫ్టు వాడతాయా మెట్లెక్కుతాయా అన్నది తేలితే తప్ప మెయింటెనెన్సు ఎంత వెయ్యాలో చెప్పలేనన్నాడు. ఆ తరవాత అడిగినా చెప్పలేదు. మూడోది తలుచుకోవడానికే ఆమెకు భయమేసింది. ఇక మిగిలింది రెండోది. మర్నాడే ఒక టార్పాలిన్, ఒక మడతమంచం, రెండు గిన్నెలు ఆటోలో వేసుకుని సైటుకు బయలుదేరింది.

గురునాయుడు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కోళ్ళంటే ఆయనకు పడదు. దారికి అడ్డంపడి సర్వీసంతా హారన్ కొట్టించాయని వాటిమీద కోపం. "ఒలే వరాలూ, ఉన్న ఇల్లొదిలీసి కోళ్ళ కాడ కాపరం ఎడతావేటి?" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"పెట్ట పిల్లల్ని దింపీదాకానండి. ఆ మీద సూద్దాం."

"మరి నానేటి తింతాను?"

"అన్నం వండుకోడం రాదేటి మీకు? బస్సు తోలినోరు కుక్కరు తోలలేరా?"

వరహాలమ్మ సైటులో కాపరం పెట్టిన మూడోనాడు చక్రధరరావు మళ్ళీ వచ్చాడు. టార్పాలిన్ చూశాడు, మంచం చూశాడు, మంచం మీదున్న ఆమెను చూశాడు. అయినా ఆయన ముఖంలో తృప్తి కనిపించలేదు.

"తమరి శరీరం ఇక్కడ ఉన్నది. నేను కాదనను. కాని నివాసమన్నది శరీరానికి సంబంధించినది కాదమ్మా, బుద్ధికి సంబంధించినది. తమరి బుద్ధి రెండో అంతస్తులో ఉన్నట్టు శాఖవారికి అనుమానం."

"నా బుద్ధి ఎక్కడున్నాదో మీకెలగ తెలస్తాది బాబూ?"

"అదే సమస్య. దానికి ప్రామాణికమైన పరీక్ష లేదు. లేనందువల్ల తమరి కోళ్ళను అనాథలుగానే భావించవలసి వస్తున్నది."

అంతవరకూ ఓపిక పట్టిన వరహాలమ్మకు ఇక ఒళ్ళు మండింది. "కోడి బుద్ధి ఎక్కడున్నాదో మాకు తెలస్తాది బాబూ, మనిషి బుద్ధి మీకు తెలీదేటి? సంతలో కొత్త కోడిని కొంటాం. తెచ్చి గంప కింద కమ్మీస్తాం. అక్కడే నూకలు, అక్కడే నీలు. వారం పోయినాక గంప తీసి వొదిలీస్తే, పగలంతా ఎక్కడ తిరిగినా పొద్దుగూకీసరికి ఆ గంప కాడికే వొచ్చీస్తాది. అప్పుడది మనింటి కోడి. దానికి పరీచ్చలేటి, సాచ్చికాలేటి? అంత అనుమానంగా ఉంటే నన్నూ అలగే కమ్మీసి సూసుకోండి."

ఆమె విసుగెత్తి అంది. ఆయన పెన్ను తీశాడు.

మామూలు మనిషి విసుగులోంచి మహా అయితే ఒక తిట్టు పుడుతుంది. ఆఫీసు చెవిన పడితే అందులోంచి నియమావళి పుడుతుంది. చక్రధరరావు రాసి పంపిన నివేదిక చదివి సంచాలకులు పరవశించిపోయారు. చలిదేశంలో కూడా లేని పద్ధతి మన సంతల్లో ఉందని ఆయన ఛాతీ ఉప్పొంగింది. "స్వదేశీ కుక్కుట విజ్ఞానము ఆధారముగా యజమానుల నివాసబుద్ధి నిర్ధారణ నియమావళి" వెంటనే వెలువడింది. ఊరికి దూరంగా కోళ్ళున్న ప్రతి యజమానినీ కోళ్ళ స్థలంలోనే వారం రోజులు గంప కింద కమ్మాలి. ఆ తరవాత ఒక సాయంకాలం టౌను మధ్యకు తీసుకెళ్ళి వదిలెయ్యాలి. యజమాని తన కాళ్ళమీద నడిచి చీకటి పడేలోగా గంప దగ్గరికి చేరితే నివాసి. చేరకపోతే కోళ్ళు అనాథలు. కోళ్ళు ఆటో ఎక్కవు గనక యజమానులూ ఎక్కరాదు.

జిల్లా అంతటా గంపలు అల్లేవాళ్ళకు కబురు వెళ్ళింది. మామిడిమెట్టలో గంపలల్లే ముసలాయన కొలతలు విని తల గోక్కున్నాడు.

"ఇందులో ఎన్ని కోళ్ళు పట్టాల బాబూ?"

"కోళ్ళు కాదు. ఒక మనిషి."

"మనిషి ఎగిరిపోతాడనా?"

"ఆ విషయం శాఖ పరిశీలనలో ఉన్నది," అన్నాడు చక్రధరరావు.

తోటల్లో సరదాకు కోళ్ళు పెంచుకునే డాక్టర్లు, ప్లీడర్లు, కాంట్రాక్టర్లు వరసగా గంపల కింద కూర్చున్నారు. ఒక డాక్టరు గంప సందులోంచి చెయ్యి బయటపెట్టి రోగుల నాడి చూశాడు. ఒక ప్లీడరు తాను గంప కింద ఉన్నందున కేసు వాయిదా వెయ్యమని కోర్టువారికి మనవి చేసుకున్నాడు. కోర్టువారు ఒప్పుకున్నారు. వాళ్ళకూ ఊరి బయట కోళ్ళున్నాయని తరవాత తెలిసింది.

వరహాలమ్మ వంతు రావడానికి ముందు ఒక చిక్కు వచ్చింది. నియమావళిలో పన్నెండో పేరా ప్రకారం, తనిఖీ అధికారి యజమానిని "అవే పరిస్థితులలో అహర్నిశలు ఉండి" గమనించాలి. ఆ పేరా రాసింది చక్రధరరావే. రాసేటప్పుడు అది ఇంకెవరికో అనుకున్నాడు. ఆయన సందేహం అడిగితే సంచాలకులు ఫోన్లోనే తేల్చేశారు.

"పరిస్థితులు గంప లోపల ఉన్నప్పుడు అధికారి గంప బయట ఉండుట ఎట్లు?"

వరహాలమ్మ మాత్రం అడ్డం తిరిగింది. "పరాయి మొగోడితో ఒక్క గంప కింద నాను కూకోను. సంపీసినా కూకోను." ఇందులో న్యాయం ఉందని శాఖ ఒప్పుకుని రెండో గంప మంజూరు చేసింది. అలా ఒక సోమవారం ఉదయం వెన్నెల ఎన్‌క్లేవ్‌లో పక్కపక్కన రెండు పెద్ద గంపలు వెలిశాయి. ఒకదాని కింద వరహాలమ్మ. రెండోదాని కింద ప్రభుత్వం.

వెదురుగంప ఎంత పెద్దదైనా గంపే. లోపలి మనిషి లేస్తే అదీ లేస్తుంది. గూడు తలుపు తీసే వేళకు వరహాలమ్మ లేచి నిలబడింది. గంప కూడా నిలబడింది. ఇది నిబంధనకు విరుద్ధమేమోనని చక్రధరరావు తన గంపలోంచి చాలాసేపు ఆలోచించి, గంపతో సహా కదలడం గంప కింద ఉన్నట్టే లెక్క అని తీర్పు చెప్పాడు. అప్పట్నుంచి పొద్దున్నా సాయంత్రమూ ఒక పెద్ద గంప దానంతటదే నడుచుకుంటూ గూటి దగ్గరికి వెళ్ళి రావడం ఆ దారిన పోయే బస్సుల్లోవాళ్ళు చూస్తూ వచ్చారు.

తిండి దగ్గర ఇంకో పేచీ వచ్చింది. యజమానులకు మేత అందించే పోస్టు కూడా భర్తీ కాలేదు. మధ్యాహ్నం గురునాయుడు టిఫిన్ కారియర్ పట్టుకుని చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. తనకు చేతనైన మటుకు పప్పు వండి తెచ్చాడు.

"ఆగండి," అన్నాడు పక్క గంపలోంచి చక్రధరరావు. "అది పాత నివాసపు వంట. దాని రుచి తగిలితే బుద్ధి వెనక్కి పోతుంది."

గురునాయుడు ఆయన గంప చుట్టూ ఒకసారి తిరిగి ముఖం ఎక్కడుందో వెతికి పట్టుకున్నాడు. "నా వంట ఒకసారి తింతే ఇంకెవులూ ఆ ఇంటికి రారు బాబూ. మీకేటీ బయం నేదు," అన్నాడు. అయినా చక్రధరరావు ఒప్పుకోలేదు. గురునాయుడు కారియర్ మూత తీసి వరహాలమ్మకు దూరంనుంచి చూపించి, మళ్ళీ పెట్టి వెళ్ళిపోయాడు. పప్పు మాడిన సంగతి ఆమెకు వాసనకే తెలిసింది. మాడినా ఆ పప్పు తినాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది.

చివరికి వరహాలమ్మే గంపతో సహా కదిలి, మూడు రాళ్ళమీద ఎసరు పెట్టింది. తనకు వండుకుంటూ పక్కవాడిని పస్తు పడుకోబెట్టడం ఆమెకు చేతకాదు. చోడిపిండితో అంబలి కాచి, ఒక గిన్నె చక్రధరరావు గంప అంచు ఎత్తి లోపలికి తోసింది. కోడిగుడ్డు కూర వండిన రోజున ఆయన గిన్నె వెనక్కి తోశాడు.

"ఇది కేసుకు సంబంధించిన పదార్థం. నేను తినరాదు."

"కేసు కోళ్ళమీద కదా బాబూ. గుడ్లు మీ కిందకి రావని మీరే అన్నారు."

కాసేపటికి గిన్నె నెమ్మదిగా గంప లోపలికి వెళ్ళిపోయింది. ఖాళీగా బయటికి వచ్చింది.

ప్రభుత్వం మెల్లమెల్లగా మారడం వరహాలమ్మ గమనించింది. మొదట్లో చక్రధరరావు ఫోను సిగ్నల్ కోసం గంపను అటూ ఇటూ జరుపుకుంటూ ఉండేవాడు. తరవాత ఛార్జింగు అయిపోయి ఆ గోల వదిలింది. పొద్దున్నే ఎర్రపుంజు కూయగానే ఉలిక్కిపడి లేచేవాడు కాస్తా, పుంజుకంటే ముందే లేచి అది ఎప్పుడు కూస్తుందా అని చూడటం మొదలుపెట్టాడు. ఒకనాటి సాయంత్రం కోళ్ళు గూడెక్కుతుంటే ఆయన గొంతు ఆదుర్దాగా వినిపించింది.

"అమ్మా, నల్లపెట్ట ఇంకా రాలేదు."

"వొస్తాది బాబూ. అది రోజూ ఆఖర్నే వొస్తాది."

"చీకటి పడుతోందమ్మా. ముంగిస తిరుగుతుందన్నారు కదా."

నల్లపెట్ట వచ్చేదాకా ఆయన అంబలి ముట్టలేదు. వచ్చాక గంప సందులోంచి దాన్ని చూసి, "ఇంత ఆలస్యమైతే ఎలా?" అని మందలించాడు. ఆ గొంతులో ఆఫీసు లేదు. క్వార్టర్సులో తన ఇంటికెళ్ళినా తను వచ్చాడా లేదా అని ఎవరూ చూడరని, భార్యకు సీరియలూ తనకు ఫైళ్ళూ సరిపోతాయని ఆ రాత్రి మాటల్లో చెప్పుకొచ్చాడు. వరహాలమ్మకు ఆయనమీద మొదటిసారి జాలేసింది. వ్యాను గుర్తొచ్చి ఆ జాలిని కొంచెం తగ్గించుకుంది.

వారం గడిచింది. మైలపెట్ట గుడ్లు నేడో రేపో పగిలేలా ఉన్నాయి. పరీక్ష రోజు సాయంత్రం జీపు వచ్చి ఇద్దరినీ గంపల కిందనుంచి తీసి టౌన్లో కూరగాయల మార్కెట్టు దగ్గర దింపింది. అదే సమయానికి సంచాలకులవారు స్వయంగా రాజధానినుంచి దిగి, వెన్నెల ఎన్‌క్లేవ్ ఆర్చీ కింద కుర్చీ వేసుకున్నారు. వరహాలమ్మ పరీక్ష తప్పితే జిల్లాలో మొట్టమొదటి అక్కున చేర్చుకోవడం ఆయన చేతులమీదుగా జరగాలని కార్యక్రమం. పక్కనే వ్యాను. వ్యానుకు పూలదండ.

ఒకప్పుడు ఆస్పత్రిలో ఆయాగా చేసినన్నాళ్ళూ మెట్లెక్కీ దిగీ వరహాలమ్మకు మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. షేర్ ఆటో లేకుండా ఆ దూరం ఆమె ఏనాడూ నడవలేదు. అయినా కొంగు బిగించింది. వెనక చక్రధరరావు ఫైలు పట్టుకుని నడుస్తున్నాడు. ఆమె కాళ్ళు ఎటు తిరుగుతాయో, ఎక్కడ ఆగుతాయో, ఎంతసేపు ఆగుతాయో రాసుకోవడం ఆయన పని.

బస్టాండు దాటేసరికే మోకాళ్ళు పీకడం మొదలైంది. ఆమె అపార్ట్‌మెంటు ముందుకు వచ్చేసరికి ఇక అడుగు పడలేదు. గోడ పట్టుకుని నిలబడిపోయింది. పైన బాల్కనీలో గురునాయుడు కనిపించాడు. తువ్వాలు భుజానేసుకుని రోడ్డుకేసి చూస్తున్నాడు. ఆయన వెనక గదిలో లైటు వెలుగుతోంది. అక్కడ కుర్చీ ఉంటుంది, మంచినీళ్ళుంటాయి, మోకాళ్ళకు రాసుకునే తైలం ఉంటుంది. రెండంతస్తులెక్కితే చాలు. వరహాలమ్మ ఏడుపు ఆపుకుంది. ఇప్పుడు చక్రధరరావు కలం తీసి రాసుకుంటాడు. రేపీపాటికి మైలపెట్ట వరండాలో ఫోటో ముందుంటుంది, గుడ్లు చల్లారిపోతాయి.

ఆమె భయంభయంగా వెనక్కి చూసింది. వెనక చక్రధరరావు లేడు.

ముందున్నాడు. ఎప్పుడు దాటిపోయాడో దాటిపోయాడు. ఫైలు చంకలో పెట్టుకుని, పడమటి ఆకాశంకేసి ఒకసారి చూసి, వడివడిగా ఊరి బయటి రోడ్డు పట్టాడు. ఆమె "బాబూ" అని పిలిచినా తల తిప్పలేదు.

గురునాయుడు కిందికి దిగి వచ్చాడు. "ఒలే వరాలూ, కాలు నొప్పా?"

"సాయం పట్టకూడదంటండి."

"నాను సాయం పడతన్నానేటి? నా రోడ్డుమీద నాను నడుస్తన్నాను." ఆయన ఆమె పక్కన కాక, ఒక్క అడుగు ముందు, తన భుజం ఆమె చేతికి అందేంత దూరంలో నడిచాడు. ఆమె చెయ్యి వేసింది. వద్దనడానికి అక్కడ ప్రభుత్వం లేదు. సర్వీసంతా కోళ్ళను తిట్టిన మనిషి, దారి పొడుగునా "మైలపెట్టకి నూకలేసినావా, నీలెట్టినావా?" అని అడుగుతూ ఆమెకు నొప్పి తెలియనివ్వలేదు.

వాళ్ళు ఆర్చీ చేరేసరికి బాగా చీకటి పడిపోయింది. సంచాలకులు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. వ్యాను తలుపులు తెరిచి ఉన్నాయి. అందరూ గూటివైపు చూస్తున్నారు. గూటి పక్కన, తన గంప బోర్లించిన చోట, చక్రధరరావు మఠం వేసుకుని కూర్చున్నాడు. గూడు తలుపు వేసి ఉంది.

"అన్నీ ఎక్కేశాయమ్మా," అన్నాడు వరహాలమ్మను చూసి. "నల్లపెట్ట కూడా. మైలపెట్ట కింద ఏదో చిన్న చప్పుడవుతోంది. పిల్లనుకుంటాను."

సంచాలకులు దగ్గరికి వచ్చారు. "చక్రధరరావుగారూ, నివేదిక. యజమాని చీకటి పడులోగా చేరినదా?"

"చూడలేదండి."

"చూడకపోవుట ఏమిటి? తమరు ఆమె వెనుక నడువవలెను గదా."

"నడిచానండి. పొద్దు వాలుతుంటే కాళ్ళు ఆగలేదు. తలుపు వెయ్యాలి కదండీ, వచ్చేశాను."

గూట్లోంచి సన్నగా కిచకిచ వినిపించింది. వరహాలమ్మ మోకాళ్ళ సంగతి మరిచిపోయి గబగబా వెళ్ళి గూటికి చెవి ఆనించింది. కిచకిచ ఒకటి కాదు, రెండు మూడు చోట్లనుంచి వస్తోంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా అలాగే ఉండిపోయింది.

సంచాలకులకు మాత్రం తల తిరిగినంత పనైంది. నియమావళి ఆయనది. దాని ప్రకారం వారం రోజులు గంప కింద ఉండి, టౌన్లో వదిలితే, వాహనమెక్కకుండా, ఎవరూ తోలకుండా, చీకటి పడేలోగా స్వయంగా గంప చేరిన ప్రాణి ఒకటి ఆయన కళ్ళముందు కూర్చుని ఉంది. దాన్ని కాదంటే పద్ధతి తప్పని ఒప్పుకున్నట్టు. ఆయన పద్ధతిని కాపాడుకోదలిచారు.

"ఈ కోళ్ళు అనాథలు కావు," అని ప్రకటించారు. "వీటికి నివాసి కలరు. పైగా గెజిటెడ్ హోదా గలవారు."

వ్యాను దండతో సహా ఖాళీగా వెళ్ళిపోయింది. వరహాలమ్మ ఆ రాత్రి మొగుడితో కలిసి రెండో అంతస్తుకు వెళ్ళి, మాడిన పప్పు కడుపునిండా తిని పడుకుంది.

ఆ తరవాత రోజూ చక్రధరరావు ఆఫీసు కాగానే సైటుకు వచ్చి, గూడు మూసి, తన గంప కిందే పడుకోసాగాడు. మీటింగు మధ్యలో ఉన్నా సరే, పొద్దు వాలితే లేచేవాడు. జీపులో పక్క ఊరికి తనిఖీకి పంపితే దారిలో దిగి నడిచి వచ్చేశాడు. నివాసం మారినందున శాఖవారు ఆయన ఒక్కడి మటుకు క్వార్టర్సు రద్దు చేసి, ఆ సంగతి తెలియపరుస్తూ కాగితం గూటికి అంటించారు.

ఒక సాయంత్రం వరహాలమ్మ పిల్లలకు నూకలు జల్లుతుంటే ఆర్చీ కింద ఒక రిక్షా ఆగింది. అందులోంచి ఒకావిడ దిగింది. చక్రధరరావు భార్య హైమవతి. గూటి ముందు మఠం వేసుకుని, కోడిపిల్లలను మోకాళ్ళమీద ఎక్కించుకుని కూర్చున్న మొగుణ్ణి కాసేపు దూరంనుంచే చూసింది. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏమమ్మా, రోజూ ఇక్కడికే వస్తున్నారా?"

"రోజూనమ్మా. ఒక్క పూట తప్పనేదు."

"ఇంట్లో ఉన్నప్పుడు నేనే పట్టించుకోలేదు. ఇప్పుడు పొద్దుగూకితే ఇల్లు బావురుమంటోంది. నాకు ఆయన కావాలమ్మా. మళ్ళీ ఇంటికి రావాలంటే ఏం చెయ్యాలి?"

వరహాలమ్మ చేతిలోని నూకలు దులుపుకుని, గూటి పక్కన ఉన్న పెద్ద గంప రెండు చేతులా ఎత్తి ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇది అట్టుకెళ్ళండమ్మా. మీ హాల్లో కమ్మండి. టీవీ కట్టీసి, తిండి మీ సేత్తోనే ఎట్టండి. వారం పోయినాక వొదలండి. మొదట్లో ఒకటి రెండు సార్లు ఇటే వొచ్చీస్తారు. బయపడకండి, నాను తోలీస్తాను."